బండికి తగ్గ కత్తి

తొలకరి జల్లు పడగానే ఊళ్లో రైతు మేఘాల వైపు చూస్తాడు. లాలాపేటలో ఉండే ఆ ట్రాక్టరాయన మాత్రం గడ్డి వైపు చూస్తాడు!

ఎండాకాలమంతా ఆయన ట్రాక్టర్‌కు చేతినిండా పనే. తార్నాక, లాలాపేట వీధుల్లో నీళ్ల ట్యాంకరు లాక్కుంటూ తిరుగుతుంది. వానలు మొదలయ్యాక ట్యాంకరు అడిగేవాళ్లు తగ్గిపోతారు. అప్పుడు బండి గుమ్మం ముందు ఊరికే నిలబడితే ఇల్లు గడవదు. అందుకే ట్యాంకరు విప్పేసి, వెనక గడ్డి కోసే స్లాషర్ తగిలిస్తాడు. ఖాళీ ప్లాట్లు, లేఅవుట్లు, పెద్దపెద్ద ఆవరణలు... ఎక్కడ చూసినా నడుముల్లోతు గడ్డి, వయ్యారిభామ, తుమ్మ మొక్కలు. వాటిలో పాములుంటాయని, దోమలు పెరుగుతాయని జనం భయం. నాలుగు నెలలపాటు ఆ భయమే ఆయనకు బతుకుదెరువు.

ఆయన ట్రాక్టర్ 35 హెచ్‌పీది. పదిహేనేళ్లనాటిది. స్లాషర్ వెడల్పు అయిదు అడుగులు. ఇంతవరకూ రెండూ సర్దుకుపోయాయి. చిక్కంతా ఘట్‌కేసర్ వైపున్న ఓ ఇరవై ఎకరాల లేఅవుట్‌తో వచ్చింది. ‘తొందరగా శుభ్రం చేసిపెడితే మరో రెండు లేఅవుట్లు కూడా నీకే’ అన్నారట వాళ్లు. ఆశ పుట్టింది. యంత్రాలమ్మే దుకాణానికి వెళితే అక్కడ ఏడడుగుల స్లాషర్ మెరిసిపోతూ కనిపించింది.

‘‘మీ బండి మంచిగ గుంజుతది అన్నా, ఏం ఫికర్ లేదు’’ అని దుకాణంలో భరోసా కూడా ఇచ్చారు. అడ్వాన్సు కట్టడమే తరువాయి. అందుకు ఇంట్లో ఉన్నదొకటే దారి... ఇల్లాలి చేతి గాజులు.

ఆమె కాదనలేదు. కానీ ఒక్కమాట అడిగింది.

‘‘కుదువ పెట్టేది నా గాజులు. లెక్క గూడ నాకు సమజ్ అయ్యేటట్టు చెప్పుర్రి. పెద్ద మిషన్ తెస్తే పని ఎంత పెరుగుతది? బండికి ఏమైతది?’’

ఆయన దగ్గర జవాబు లేదు. జవాబు చెప్పగలిగిన మనిషి నాలుగు వీధుల అవతలే ఉన్నాడు. ఆమె తండ్రి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. 1893లో నిజాం రైల్వే కాలంలో మొదలైన వర్క్‌షాపు అది. ఇంజను ఎంత లాగగలదు, ఎన్ని పెట్టెలు తగిలించాలి అన్న మాటలు ఆ చుట్టుపక్కల ఇళ్లలో తరతరాలుగా టీతోపాటు నడుస్తుంటాయి.

ఆదివారం పొద్దున్నే మామ వచ్చాడు. జేబులో ఓ కాగితం, చెవి మీద ఓ పెన్సిలు.

కాగితం మీద జీతం... చేతికొచ్చే జీతం

‘‘నీ బండి ఎన్ని గుర్రాలది అల్లుడా?’’

‘‘ముప్పై అయిదు గద మామా.’’

‘‘అవి ఇంజను దగ్గరి గుర్రాలు. కత్తి దాకా వచ్చేసరికి ఎన్ని మిగులుతయి?’’

అసలు కిటుకంతా ఆ ప్రశ్నలోనే ఉంది. హార్స్‌పవర్ అనేది ఆవిరి యంత్రాల రోజుల్లో జేమ్స్ వాట్ పెట్టిన కొలత. ఒక హార్స్‌పవర్ అంటే సుమారు 746 వాట్లు. ట్రాక్టర్ బానెట్ మీద కనిపించే అంకె సాధారణంగా ఇంజను శక్తిని చెబుతుంది. స్లాషర్‌ను తిప్పేది మాత్రం ట్రాక్టర్ వెనక ఉండే పీటీవో షాఫ్టు. ఇంజను నుంచి గేర్లు దాటి అక్కడికి చేరేలోపు కొంత శక్తి అరిగిపోతుంది. మామూలుగా ఇంజను శక్తిలో 85 శాతం దాకా పీటీవో దగ్గర దొరుకుతుందని లెక్క. ఆఫీసులో జీతం కాగితం మీద ఒక అంకె ఉంటుంది, కోతలన్నీ పోయాక చేతికి వచ్చేది ఇంకొకటి. ఇదీ అంతే.

35లో 85 శాతం అంటే దాదాపు 30. అది కొత్త బండికి. పదిహేనేళ్ల ఇంజనులో పిస్టన్ రింగులు అరిగి ఉంటాయి, నాజిళ్లు సరిగా చిమ్మకపోవచ్చు, ఎయిర్ ఫిల్టర్ నిండా దుమ్ము ఉండొచ్చు. ఇంకో పది శాతం తీసేస్తే మిగిలేవి 27 గుర్రాలు. మామ కాగితం మీద ‘27’ అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు.

కొత్త ట్రాక్టర్ కొనేవాళ్లకు ఈ అంకె ఊహించుకోవాల్సిన పనిలేదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955 నుంచీ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ నడుస్తోంది. మన తెలుగునేల మీద అనంతపురం దగ్గర గార్లదిన్నెలో 1983లో అలాంటి సంస్థే వచ్చింది. ట్రాక్టర్లను పరీక్షించినప్పుడు ఇచ్చే నివేదికలో పీటీవో దగ్గర గరిష్ఠంగా ఎంత శక్తి వస్తుందో ఉంటుంది. కొనేటప్పుడు రంగు, సీటు, హెడ్‌లైట్లు చూసేవాళ్లు ఎక్కువ. ఆ ఒక్క అంకె అడిగేవాళ్లు తక్కువ.

అడుగుకు అయిదు గుర్రాలు

ఇప్పుడు కత్తి సంగతి. రోటరీ స్లాషర్‌కు మామూలు గడ్డి కోయడానికి అడుగు వెడల్పుకు సుమారు 5 పీటీవో హెచ్‌పీ కావాలన్నది మెకానిక్కులు వాడే మోటు లెక్క. గడ్డి చిక్కగా ఉన్నా, మధ్యలో తుమ్మ, సుబాబుల్ లాంటి కట్టె మొక్కలున్నా అది ఏడు దాకా, ఒక్కోసారి అంతకుమించీ పోతుంది.

ఆ లెక్కన అయిదడుగుల స్లాషర్‌కు గడ్డిలో 25 గుర్రాలు చాలు. బండి దగ్గర 27 ఉన్నాయి. సరిపోయింది. ఏడడుగులదానికి పలుచటి గడ్డికే 35 కావాలి. పొదలైతే 49. ఉన్నవేమో 27! అందుకే బండి పదడుగులు పోగానే ముక్కుతుంది, సైలెన్సర్‌లోంచి నల్లటి పొగ కక్కుతుంది.

‘‘ఇంట్ల మిక్సీ ఉంది గద బిడ్డా... చట్నీకని కొన్న చిన్న మిక్సీల రెండు శేర్ల ఇడ్లీ పిండి వేస్తే ఏమైతది?’’ అని కూతురిని అడిగాడు మామ.

‘‘తిరుగుతది... తిరుగుతది... కాలిన వాసనొస్తది’’ అంది ఆమె.

‘‘గదే!’’

రోటావేటర్ వాడే రైతులకు ఈ లెక్క కొత్త కాదు. అయిదడుగుల రోటావేటర్‌కు సాధారణంగా 36 కత్తులు, ఆరడుగులదానికి 42, ఏడడుగులదానికి 48 ఉంటాయి. అయిదడుగులదానికి 35-40 హెచ్‌పీ ట్రాక్టర్, ఏడడుగులదానికి 55 ఆ పైన అని పల్లెల్లో నోటిలెక్కగా చెప్పేస్తారు. నల్లరేగడి నేల తడి మీదుంటే ఇంకా ఎక్కువే కావాలి. పొరుగువాడు ఏడడుగులది తెచ్చాడని పోటీకి పోయి తెచ్చుకున్నవాళ్లు, పక్క కత్తులు విప్పేసి దున్నుకున్న ముచ్చట్లూ వినిపిస్తుంటాయి. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకోవాలని ఊరికే అన్నారా?

వెడల్పు పెరిగితే పని పెరుగుతుందా?

ఇల్లాలు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. మామ పెన్సిలు పదునుపెట్టాడు.

అయిదడుగులు అంటే దాదాపు మీటరున్నర. గంటకు 4 కిలోమీటర్ల వేగంతో పోతే గంటలో 6,000 చదరపు మీటర్లు కోయాలి. మూలల్లో తిప్పుకోవడం, కోసిన వరస మీద కాస్త ఎక్కించి పోవడం, ఆగడం వంటివాటికి అయిదో వంతు తీసేస్తే మిగిలేది 4,800 చదరపు మీటర్లు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు కాబట్టి గంటకు ఎకరంపైన అయిదోవంతు. ఇరవై ఎకరాలకు దాదాపు 17 గంటలు.

ఏడడుగులు అంటే 2.1 మీటర్లు. అదే నాలుగు కిలోమీటర్ల వేగంతో పోగలిగితే గంటకు ఒకటిన్నర ఎకరాలు దాటుతుంది. ఇరవై ఎకరాలు 12 గంటల్లో అయిపోతాయి. దుకాణంలో చెప్పింది ఈ లెక్కే. అబద్ధం కాదు. కానీ అందులో ‘పోగలిగితే’ అన్న మాట దాక్కుని ఉంది.

27 గుర్రాల బండి ఏడడుగుల కత్తితో ఆ వేగం పోలేదు. ఇంజను చుట్లు పడిపోతుంటే డ్రైవరు కింది గేరులోకి దిగాల్సిందే. వేగం గంటకు రెండున్నర కిలోమీటర్లకు పడిపోయిందనుకుంటే? గంటకు కోసేది ఎకరం పైన కొద్దిగా. ఇరవై ఎకరాలకు 19 గంటలు!

అంటే, గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన పెద్ద కత్తి... ఇంట్లో ఉన్న చిన్న కత్తి కన్నా రెండు గంటలు ఎక్కువ తీసుకుంటుంది.

డీజిల్ సంగతీ అంతే. మామూలుగా గంటకు నాలుగు లీటర్లు తాగే బండి, ముక్కుతూ మూలుగుతూ అయిదు తాగిందనుకుంటే, చిన్న కత్తితో ఎకరానికి మూడున్నర లీటర్ల లోపే అయ్యేది పెద్ద కత్తితో అయిదు లీటర్ల దాకా వెళుతుంది. కోత కూడా శుభ్రంగా ఉండదు. స్లాషర్ కత్తి పనిచేసేది వేగంతో. చుట్లు తగ్గాయంటే గడ్డిని కోయదు, పీకుతుంది, నలుపుతుంది, వంచేస్తుంది. నాలుగు రోజుల తరవాత చూస్తే సగం గడ్డి మళ్లీ లేచి నిలబడి ఉంటుంది.

ఇల్లాలు కాగితాన్ని తన వైపు తిప్పుకుని రెండుసార్లు చదివింది. ఏమీ అనలేదు. ఆయన మాత్రం టీ గ్లాసు కింద పెట్టేశాడు.

‘‘మరి కొత్త బండ్లోళ్లు ఏడడుగులది ఎట్ల నడిపిస్తున్నరు మామా?’’

‘‘వాళ్లవి యాభై హెచ్‌పీ దాటిన బండ్లు బిడ్డా. బండి చూసి కత్తి తెచ్చిన్రు. నువ్వు కత్తి చూసి బండిని గుంజుతున్నవ్.’’

ముందు చక్రాలు లేచిపోతే...

శక్తి ఒక్కటీ సరిపోతే చాలదు. బరువు లెక్క వేరే ఉంది. స్లాషర్‌ను లిఫ్టుతో పైకెత్తినప్పుడు దాని బరువంతా వెనక చక్రాల మీద పడుతుంది. అక్కడితో ఆగదు. ముందు చక్రాలను తేల్చేస్తుంది. చిన్నపిల్లల తొక్కుడుబిళ్ల కాదు, ఉయ్యాలబల్ల ఆట ఇది. వెనక చక్రం ఇరుసు మధ్య దిమ్మె. అవతల స్లాషర్, ఇవతల ముందు చక్రాలు.

ఉదాహరణకు 1,800 కిలోల ట్రాక్టర్ ఉందనుకోండి. అందులో 720 కిలోలు ముందు చక్రాల మీద ఉంటాయి. 280 కిలోల అయిదడుగుల స్లాషర్ ఎత్తితే ముందు 500 కిలోల దాకా మిగులుతాయి. మొత్తం బరువులో అది 24 శాతం. 450 కిలోల ఏడడుగులది ఎత్తితే? అది ఇంకాస్త దూరంగా కూడా వేలాడుతుంది కాబట్టి ముందు మిగిలేది 300 కిలోల లోపే. మొత్తంలో 13 శాతం. ముందు చక్రాల మీద కనీసం 20 శాతమైనా ఉండాలన్నది భద్రత సూత్రం. అంతకన్నా తగ్గితే స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ఓ గుంత ఎక్కినా, వాలు ఎక్కినా ముందు భాగం లేచిపోతుంది. ముందు బరువు దిమ్మెలు తగిలిస్తే కొంత నయం. కానీ అవి శక్తిని పెంచవు కదా!

ఆగమంటే ఆగదు

మామ గొంతు తగ్గించి చెప్పిన సంగతి ఇది.

స్లాషర్ కింద తిరిగే ఇనుప పట్టీ మామూలుది కాదు. అయిదడుగులది నిమిషానికి 800 చుట్లు తిరిగితే కత్తి కొస గంటకు 225 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. అంత వేగంలో ఉన్న ఇనుము ఒక్కసారిగా ఆగదు. అదే మందం పట్టీని 1.4 రెట్లు పొడవు పెంచి అన్నే చుట్లు తిప్పితే, దానిలో దాగే శక్తి 1.4 రెట్లు కాదు, రెండున్నర రెట్లు దాటుతుంది! పెద్ద స్లాషర్లలో చుట్లు కాస్త తగ్గిస్తారు. అయినా చిన్నదాని కన్నా అది మొండిఘటమే.

పాతకాలపు సింగిల్ క్లచ్ ట్రాక్టర్లలో క్లచ్ తొక్కితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగుతుంది కానీ, పీటీవోకూ చక్రాలకూ మధ్య గేర్లు కలిసే ఉంటాయి. తిరుగుతున్న కత్తి వెనక నుంచి బండిని ముందుకు తోస్తుంది. డ్రైవరు క్లచ్ తొక్కి బ్రేకు వేసినా బండి మరో రెండు మూడు గజాలు పోయిందంటే అదే కారణం. పొలంలో అయితే గట్టు ఎక్కి ఆగుతుంది. నగరంలో? లేఅవుట్‌లో ఎదురుగా ప్రహరీ ఉండొచ్చు, బావి ఉండొచ్చు, బంతి కోసం పరుగెత్తుకొచ్చిన పిల్లాడు ఉండొచ్చు.

దీనికి విరుగుడు ఉంది. పీటీవో మీద బిగించే ఓవర్‌రన్నింగ్ కప్లింగ్. సైకిల్ తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది, పెడల్ మాత్రం కాలును నెట్టదు. ఫ్రీవీల్ మహిమ అది. కప్లింగ్ పనీ అదే. కత్తి తన పాటికి తాను తిరిగి తిరిగి ఆగుతుంది, బండిని తోయదు. పెద్ద మిషన్ ఖర్చుతో పోలిస్తే ఇది చిల్లర.

ఫ్యూజులో లావు తీగ

‘‘మొన్న రాయి తగిలి బోల్టు తెగితే ఏం బోల్టు వేసినవ్?’’

ఆయన తల దించుకున్నాడు. ‘‘గట్టిది వేసిన మామా... మాటిమాటికి తెగుతుందని.’’

ఇళ్లలో ఫ్యూజు పోయిందని విసుగొచ్చి లావు రాగితీగ వేసేవాళ్లు గుర్తున్నారా? తీగ పోదు. ఇంటి వైరింగే పోతుంది. స్లాషర్ షాఫ్టుకు ఉండే షియర్ బోల్టు కూడా ఫ్యూజులాంటిదే. కత్తికి రాయో మొద్దో తగిలితే తాను తెగిపోయి గేర్‌బాక్సును కాపాడటమే దాని ఉద్యోగం. కొద్ది రూపాయల బోల్టు మాటిమాటికి తెగుతోందంటే అది బోల్టు తప్పు కాదు. నేలలో రాళ్లు చూసుకోలేదనో, కత్తి మరీ కిందికి దించారనో, మోపిన బరువు ఎక్కువైందనో అర్థం. గట్టి బోల్టు బిగిస్తే ఆ దెబ్బ వెళ్లి స్లాషర్ గేర్‌బాక్సుకో, ట్రాక్టర్ పీటీవో గేర్లకో తగులుతుంది. అప్పుడు తెగేది జేబు.

ఇంకో మాట. బలం తక్కువైతేనే కాదు, ఎక్కువైనా తంటానే. ప్రతి స్లాషర్ గేర్‌బాక్సుకూ ఇన్ని హెచ్‌పీ వరకే అని హద్దు ఉంటుంది. 40 హెచ్‌పీకి చేసిన తేలికపాటి స్లాషర్‌ను 60 హెచ్‌పీ బండికి తగిలించి పొదల్లోకి తోస్తే ఇంజను ఆగదు, గేర్‌బాక్సే పగులుతుంది. మరీ పెద్ద ఎద్దుకు చిన్న కాడి కట్టినట్టు!

గిల్గాండ్రా నుంచి సెల్మా దాకా

ఈ తిరుగుడు కత్తుల వెనక కథలు కూడా ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలో గిల్గాండ్రా అనే ఊళ్లో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అనే కుర్రాడు 1912లో తండ్రి పొలంలో ప్రయోగాలు మొదలుపెట్టాడు. నాగలిలా నేలను తిరగేయకుండా, తిరిగే కత్తులతో మట్టిని పొడి చేస్తే ఎలా ఉంటుందన్నది ఆయన ఆలోచన. 1920లో పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ మన పల్లెల్లో పిల్లలు కూడా పలికే ‘రోటావేటర్’ అలా పుట్టింది. ఆ పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి వెనక నుంచి చదివినా అదే వస్తుంది. తిరిగే యంత్రానికి తిరగేసినా మారని పేరు!

గడ్డీ పొదలూ కోసే ట్రాక్టర్ స్లాషర్‌కు పేరు తెచ్చిన ఊరు అమెరికాలో అలబామా రాష్ట్రంలోని సెల్మా. అక్కడ 1951లో మొదలైన ‘బుష్ హాగ్’ కంపెనీ పేరు ఎంతగా స్థిరపడిందంటే, అక్కడి రైతులు ఏ కంపెనీ స్లాషర్‌నైనా ఆ పేరుతోనే పిలుస్తారు. మనం వనస్పతిని డాల్డా అన్నట్టు. ఇక ఏ పరికరాన్నైనా మూడు చోట్ల తగిలించి మీట నొక్కి ఎత్తే వీలు హ్యారీ ఫెర్గూసన్ చలవ. 1939లో వచ్చిన ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్‌తో అది ప్రపంచమంతా పాకింది.

మన దేశంలో ట్రాక్టర్ తయారీ 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్‌తో మొదలైంది. ఇవాళ జహీరాబాద్‌లోనే ట్రాక్టర్లు తయారవుతున్నాయి. బండ్లు పెరిగాయి, పనిముట్లు పెరిగాయి. బండికీ పనిముట్టుకూ జత కుదర్చడం మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల ‘గుంజుతది లే’ అన్న మాట మీదే నడుస్తోంది.

పెద్దది కొనకుండానే...

మరి ఏడడుగుల ఆశ పూర్తిగా తప్పా? కాదు. ఆయన ఆశ వెనక న్యాయమైన ఇబ్బంది ఒకటి ఉంది. ట్రాక్టర్ వెనక చక్రాల బయటి అంచు నుంచి అంచుకు ఉన్న వెడల్పు కన్నా ఆయన స్లాషర్ కురచ. చక్రం కింద నలిగిన గడ్డి కత్తికి అందక, తరవాత లేచి నిలబడేది. లేఅవుట్‌వాళ్లు ‘గీతలు గీతలుగా మిగిలిపోయింది’ అనేవాళ్లు.

దానికి మామ చెప్పిన మందులు ఇవి. ఒకటి, చాలా ట్రాక్టర్లలో వెనక చక్రాల రిమ్ములు తిప్పి బిగించి ఎడం తగ్గించుకునే వీలుంది. చదును నేల మీద అలా చేసుకోవచ్చు. వాలు నేల మీద మాత్రం ఎడం తగ్గితే బండి బోర్లా పడే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి అక్కడ వద్దు. రెండు, ప్రతి వరసా ముందు వరస మీదికి అడుగు ఎక్కించి కోయాలి.

మూడు, నడుముల్లోతు గడ్డిని ఒక్కసారే నేలకు కోయాలని చూడకూడదు. మొదటిసారి జానెడు ఎత్తున, రెండోసారి కిందికి. నాలుగు, కత్తులకు పదును. మొండి కత్తి గుర్రాలను తినేస్తుంది. రెండు కత్తులనూ ఒకే బరువు ఉండేలా సానబట్టాలి. లేకపోతే అదురు మొదలై బేరింగులు పోతాయి. అయిదు, వేగం తగ్గించాలంటే గేరు మార్చాలి కానీ యాక్సిలరేటర్ తగ్గించకూడదు. పీటీవో నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంటేనే కత్తి కత్తిలా పనిచేస్తుంది. ట్రాక్టర్ మీటరులో ఆ గుర్తు ఎక్కడుందో చూసుకుంటే చాలు.

మరి ఇరవై ఎకరాల గడువు? ఆ నాలుగు రోజులకు యాభై హెచ్‌పీ దాటిన బండినీ, దానికి తగ్గ ఏడడుగుల స్లాషర్‌నూ అద్దెకు తీసుకుంటే సరి. అద్దె పోగా మిగిలింది లాభం. మిగలకపోతే ఆ పని తనది కాదని తెలిసిపోతుంది. ఏటా అలాంటి పనులు నిలకడగా వస్తే అప్పుడు ముందు బండి మారుస్తారు, తరవాత కత్తి.

చివరగా ఇల్లాలు ఒకటి అడిగింది. ‘‘ఆ వెనక తిరిగే రాడ్డుకు మూత ఏది? మొదట ఉండె గద?’’

మూత విరిగిపోయి ఏడాదైంది. ఎవరూ పట్టించుకోలేదు. పీటీవో షాఫ్టు సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. దాని చుట్టుకొలతతో లెక్కేస్తే సెకనుకు దాదాపు రెండు మీటర్ల బట్టను చుట్టేస్తుంది. లుంగీ అంచో, చున్నీ కొంగో తగిలితే ‘అమ్మా’ అనే వ్యవధి కూడా ఉండదు. అందుకే షాఫ్టు మీది ప్లాస్టిక్ గొట్టం మూత అలంకారం కాదు. ఇంజను ఆపి, తాళంచెవి తీసి, కత్తి పూర్తిగా ఆగాకే కిందికి దిగాలి. స్లాషర్ నడుస్తున్నప్పుడు చుట్టూ వంద మీటర్లలో ఎవరూ లేకుండా చూసుకోవాలి. కత్తి కింద పడ్డ గులకరాయి తుపాకీ గుండులా దూసుకుపోతుంది. పిల్లలకు ట్రాక్టర్ అంటే సరదా. మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని తిప్పే సరదా మాత్రం వద్దు.

ఇంతకీ ఏమైంది?

దుకాణానికి ఆయన మళ్లీ వెళ్లాడు. ఏడడుగుల స్లాషర్ ఇంకా అక్కడే మెరుస్తూ ఉంది. దాన్ని ఓసారి చేత్తో తట్టి, ఓ ఓవర్‌రన్నింగ్ కప్లింగూ, షాఫ్టు మూతా, ఓ జత కొత్త కత్తులూ, గుప్పెడు అసలు షియర్ బోల్టులూ కొనుక్కుని వచ్చేశాడు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయించాడు. నాజిళ్లు చూపించాడు. పొగ రంగు మారింది.

లేఅవుట్‌కు అద్దెబండి పెద్ద కత్తితో వెళ్లింది. ఆయన బండి చిన్న కత్తితో, మూలలూ అంచులూ చూసుకుంటూ వెనకే వెళ్లింది. పెద్ద లాభమేమీ రాలేదు. కానీ పని చెప్పిన రోజుకు అయింది. గీతలు మిగల్లేదు.

మామ లెక్క రాసిన కాగితాన్ని ఇల్లాలు పారేయలేదు. మడిచి, బీరువాలో గాజుల డబ్బా కింద పెట్టింది. డబ్బాలో గాజులు లేవు.

అవి ఆమె చేతికే ఉన్నాయి.